సెగ తగలని నలభై పైపులు

ఫిబ్రవరి 3

గుండుసూదికి,

పోయినవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు "ఆఁ, ఆఁ" అన్నాను గానీ సగం వినపడలేదు. ముప్ఫై రెండేళ్ళు ఫర్నేసు పక్కన ఆ బ్లోయరు మోతలో నిలబడ్డ చెవులు, వాటినేమీ అనకు. ఇకమీదట ముఖ్యమైనదేదైనా ఉంటే కాగితం మీద పెట్టు. కళ్ళు ఇంకా నా మాట వింటున్నాయి.

మన పైపుల మిల్లు మూసేశారు. మీ అమ్మ చెప్పే ఉంటుంది. ఊరంతా ప్లాస్టిక్ గొట్టాలు వేసుకుంటుంటే ఇత్తడి పైపు ఎవరిక్కావాలి? ఉన్న సరుకంతా ఒక పాత లోహాల వ్యాపారి కొన్నాడు. ఏది ఏ రకం ఇత్తడో విడదీసి కుప్పలు పెట్టడానికి నన్ను నాలుగు నెలలు ఉంచుకున్నారు. పొద్దున్నే వెళ్ళి తాళం తీస్తాను. అంత పెద్ద షెడ్డులో నేనూ, పావురాలూ.

రకాలు చూడ్డానికి నాకు రంపం చాలు. డెబ్భై పాళ్ళు రాగీ ముప్ఫై పాళ్ళు జింకూ ఉన్నదైతే పొట్టు చుట్టలు చుట్టుకుంటూ పొడుగ్గా వస్తుంది. మన పైపులన్నీ దాంతోనే లాగాం. సీసం కలిసినదైతే పొడిపొడిగా రాలుతుంది, కుళాయిలకీ నట్లకీ అది. ఉప్పునీళ్ళు పారే ఫ్యాక్టరీలకి పంపేదాంట్లో కాస్త తగరం, చిటికెడు ఆర్సెనిక్ వేసేవాళ్ళం. అవి మాత్రం రంపానికి అందవు. అందుకని మూడు ముక్కలు పంపుతున్నాను, పెయింటుతో ఒకటి, రెండు, మూడు అని రాశాను. మీ లాబొరేటరీలో చూసి ఏది ఏమిటో చెప్పు. మీ ఆఫీసరు అడిగితే మావయ్యకి చాదస్తం అని చెప్పెయ్.

మీ అమ్మ బాగానే ఉంది. ఆదివారం వెళ్తే టీ ఇస్తుంది, రెండు మాటలు మాట్లాడుతుంది, మళ్ళీ కుట్టుమిషను తొక్కుతుంది. నాకు అదే పదివేలు.

వేళకి తింటూ ఉండు.

మావయ్య

*

ఫిబ్రవరి 12

మావయ్యా,

పార్సిల్ విప్పగానే గదంతా నూనె వాసన. నా పక్క బల్ల అమ్మాయి ముక్కు మూసుకుని "ఏమిటే అది?" అంది. మా మేనమామ ప్రేమగా పంపాడన్నాను. వాళ్ళ మేనమామ మిఠాయిలు పంపుతాడట. ఎవరి అదృష్టం వాళ్ళది.

చూశాను. మొదటిదాంట్లో రాగి డెబ్భై చిల్లర, మిగతాది జింకు. రెండోదీ అచ్చం అలాంటిదే. ఆ రెండూ కవలపిల్లలు. మూడోదాంట్లో నువ్వన్న తగరం ఒక పాలు ఉంది, ఆర్సెనిక్ ఉందా లేదా అన్నంత ఉంది. సీసం ఎందులోనూ లేదు. మీ మిల్లు మూసేస్తే మూసేశారు గానీ, పాళ్ళు మాత్రం తూచినట్టు కలిపారు. ఈ మాట ముఖస్తుతి కాదు.

ఒకటి అడగాలి. మూడింటికీ అంచున సూదిమొనంత చుక్క గుద్ది ఉంది. ఎందుకది? చిన్నప్పుడు మీ షెడ్డులో ఆడుకుంటున్నప్పుడు కూడా చూశాను, ఎప్పుడూ అడగలేదు.

రెండో ముక్కని చేత్తో కాసేపు రుద్ది వాసన చూశాను. నాన్న చేతుల వాసన. నాన్న పోయి ఆరేళ్ళయింది. పని నుంచి వచ్చి ఎంత తోముకున్నా ఆ వాసన పోయేది కాదు, అన్నంలో కూడా ఇత్తడే తింటున్నారని అమ్మ దెప్పేది. ఊళ్ళో అంతమంది ప్లంబర్లుంటే మీ నాన్న బిగించిన నట్టులోంచి గాలి కూడా బయటికి రాదని నువ్వే కదా అనేవాడివి. పనివేళలో ఏడుపొస్తే ఇక్కడ కళ్ళద్దాలు పెట్టుకోవడం ఒక సుఖం.

అమ్మ మోకాలు ఎలా ఉంది? తనని అడిగితే "నాకేం" అంటుంది.

నీ గుండుసూది

*

ఫిబ్రవరి 18

అమ్మలూ,

చుక్క సంగతి చెప్తాను. పైపుని లాగిలాగి సన్నం చేస్తాం కదా, ఆ లాగిన బిగువంతా లోపలే దాక్కుంటుంది. పైకి అద్దంలా మెరుస్తూ ఉంటుంది, వంక పెట్టలేవు. అందుకని ఆఖరి లాగుడు అయ్యాక ఫర్నేసులో పెట్టి గంటసేపు సన్నటి సెగ చూపిస్తాం. దాంతో బిగువు దిగిపోతుంది. సెగ చూసిన ప్రతి పైపుకీ ఫర్నేసు మనిషి రెండు చివర్లా ఒక్కో చుక్క గుద్దుతాడు. చుక్క ఉంటేనే సరుకు గేటు దాటుతుంది. ఫర్నేసు మనిషంటే నేనే. ఆ మిల్లులో చుక్క గుద్దిన చెయ్యి ఇంకోటి లేదు.

ప్రతి విడత నుంచీ జానెడు ముక్క కోసి, తేదీ, నంబరు ఉన్న బిళ్ళ కట్టి స్టోరు గోడకి వేలాడదీసేవాళ్ళం. సాక్షి ముక్క అంటాం. నీకు పంపినవి అవే.

ఇంకో పని చేసిపెట్టాలి. పాదరసం నీళ్ళ పరీక్ష అని ఒకటుంది, నీకు తెలిసే ఉంటుంది. ముక్కని ఆ నీళ్ళలో ముంచితే, బిగువు దిగనిదైతే దానంతటదే పగులుతుంది. ఆ మూడింటికీ చెయ్యి. ఎందుకని అడగకు, వ్యాపారి అడిగాడనుకో.

మీ అమ్మకి ఈ ముక్కల సంగతి చెప్పకు. మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకోమన్నాను. నా మాట ఎప్పుడు విన్నది గనక.

మావయ్య

*

ఫిబ్రవరి 27

మావయ్యా,

చేశాను. ఆ నీళ్ళు విషం కాబట్టి గాజు తలుపు వెనక, చేతులకి తొడుగులు వేసుకుని, దొంగతనం చేస్తున్నట్టు చేయాలి. ఒకటీ మూడూ అరగంట ఉంచినా చెక్కుచెదరలేదు. రెండోది నాలుగో నిమిషంలో టప్ మంది. ఆ చప్పుడికి నేను వెనక్కి గెంతాను. తీసి చూస్తే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నిలువునా పగిలింది.

చుక్క ఉంది, సెగ లేదు! ఆ రోజు మీ ఫర్నేసు దగ్గర ఎవరో గుర్రుపెట్టి నిద్రపోయారు. నువ్వు సెలవు పెట్టిన రోజు ఎవడో వచ్చి వెలగబెట్టి ఉంటాడు. వాడెవడో దొరికితే చెవి మెలిపెట్టు. వ్యాపారితో ఆ విడత సరుకు కరిగించుకోమను. ఎక్కడైనా అమ్మోనియా వాసన తగిలితే చాలు, ఆ పైపులు నెలల తర్వాతయినా పగులుతాయి.

మా ఆఫీసరు నా పరీక్ష చూసి మెచ్చుకున్నాడు. నీ చలవే.

నీ గుండుసూది

*

మార్చి 6

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది.

మీ నాన్న ఆ హాస్టల్లో పగిలిన పైపు ముక్క ఇంటికి తెచ్చుకున్నాడని అప్పట్లో ఎవరో అన్నారు. ఉంటే ఆయన పనిముట్ల పెట్టెలోనే ఉంటుంది. నిన్న వెళ్ళి మీ అమ్మని అడిగాను. పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. నువ్వొక మాట చెప్తే ఇస్తుందేమో.

ఇక్కడ ఎండలు ముదురుతున్నాయి.

మావయ్య

*

మార్చి 15

మావయ్యా,

అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నాన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. "మీ మావయ్య పెట్టె కోసం వచ్చాడు, ఇవ్వనని చెప్పు, ఇవ్వనని చెప్పు" అని అదే మాట.

ఎనిమిదేళ్ళయ్యాక ఇప్పుడు నీకు ఆ ముక్క ఎందుకు? నాకు అర్థమైంది. మీ మిల్లులో సెగ తగలని పైపు ఒకటి బయటపడింది. ఎక్కడ నీ పేరు చెడుతుందోనని నీకు దిగులు పట్టుకుంది. నాన్న ముక్క తెచ్చి, చూశారా, ఇది మాత్రం మా బావ నట్టు బిగించడం వల్లే పగిలింది అని మళ్ళీ ఒకసారి చూపించుకోవాలి. ఒకసారి చేసింది చాలలేదా?

నేను అప్పుడు కాలేజీలో ఉన్నాను. హాస్టల్లో వేడినీళ్ళ పైపు పగిలి వంటామె చెయ్యి కాలిందనీ, విచారణ పెట్టారనీ నాన్నే ఉత్తరం రాశాడు. నాలుగు వాక్యాలు. విచారణలో ఏం జరిగిందో మాత్రం ఊరంతా చెప్పారు. మిల్లు తరఫున నువ్వు లేచి నిలబడి "పైపుకి చుక్క ఉంది, సెగ చూసిన పైపే, మా వైపు లోపం లేదు" అన్నావట. నాన్న సొంత బావమరిదివి. దాంతో నట్టు అడ్డదిడ్డంగా బిగించాడని తేల్చి లైసెన్సు తీసేశారు. తర్వాత రెండేళ్ళు ఆయన ఏం చేశాడో నీకు తెలుసు. మెట్టు మీద కూర్చుని ఒక పాత కుళాయి విప్పేవాడు, బిగించేవాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ కుళాయి చూసి నేను పెరట్లోకి పోయేదాన్ని.

నీ మీద కోపం పెట్టుకోకూడదని ఇన్నేళ్ళూ పళ్ళు బిగబట్టుకున్నాను. ఉన్నది చెప్పాడులే, అబద్ధం చెప్పలేదు కదా అని సర్దుకున్నాను. పెట్టె జోలికి పోకు.

*

మార్చి 22

గుండుసూదికి,

సంతకం కూడా పెట్టకుండా పంపావు. పెట్టక్కర్లేదు, నీ అక్షరాలు నాకు తెలుసు. నువ్వన్నవన్నీ భరిస్తాను గానీ ఒక్కటి తిరగేసి అర్థం చేసుకున్నావు. అది చెప్పాలి.

జనవరిలో గోడ మీద సాక్షి ముక్కలు ఒక్కొక్కటీ దింపుతున్నాను. ఒక బిళ్ళ మీద 412 అని, కింద జూన్ 17 అని ఉంది. 412 విడత నంబరు, గేటు దాటే పైపుల మీద అదే నంబరు చుక్క పక్కన గుద్దుతాం. తొమ్మిదేళ్ళ కిందటి జూన్. నీకు రెండు అని రాసి పంపింది అదే. ఆ తేదీ చూసి చెయ్యి ఆగిపోయింది. నువ్వు మొదటిసారి చదువుకి వెళ్ళిన రోజు అది. మీ నాన్న ఎక్కడో ఎత్తయిన ట్యాంకు మీద పనిలో ఉండి దిగలేకపోయాడు, మీ అమ్మకి జ్వరం. నిన్ను రైలెక్కించింది నేను.

నా అలవాటొకటి చెప్తాను, ఇది ఎవరికీ తెలియదు. సెగ నుంచి తీసిన పైపు పట్టుకుంటే వేళ్ళు కాలుతాయి. చల్లగా ఉన్నప్పుడు చుక్క గుద్దడం సుఖం. అందుకని నేను ముందే చుక్కలు గుద్దేసి, తర్వాత ఫర్నేసులోకి తోసేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలాగే చేశాను. రోజూ సెగ చూపించేవాణ్ణే కాబట్టి ఎవరికీ నష్టం లేకపోయింది.

ఆ రోజు మధ్యాహ్నానికి నలభై పైపులకి చుక్కలు గుద్ది బండి మీద పేర్చాను. నిన్ను రైలెక్కించి గంటలో వచ్చి ఫర్నేసు వెలిగిద్దామనుకున్నాను. రైలు రెండున్నర గంటలు ఆలస్యం. నువ్వు ఒకదాని తర్వాత ఒకటి నాలుగు అరటిపళ్ళు తిని, భయంగా ఉంది మావయ్యా అన్నావు. నిన్ను వదిలి రాబుద్ధి కాలేదు. నేను తిరిగొచ్చేసరికి మిల్లు గేటు వేసేశారు. మర్నాడు పొద్దున వెళ్తే బండి ఖాళీగా ఉంది. చుక్క చూసి ఎవరో లారీకి ఎక్కించేశారు. నేను దాని గురించి ఆలోచించను కూడా లేదు. నువ్వు ఒక్కదానివీ అక్కడ ఎలా ఉన్నావో అన్న ధ్యాసలో ఉన్నాను.

ఆ నలభై పైపులూ ఎక్కడికెళ్ళాయో నాకు తెలియదు. విచారణలో పగిలిన పైపు దూరం నుంచి చూపించి, చుక్క ఉందా అని అడిగారు. ఉందన్నాను. చుక్క ఉంటే సెగ చూసిందే అన్నాను. ఆ క్షణాన నేను నిజమే చెప్తున్నాననుకున్నాను. ఎదురుగా మీ నాన్న ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చున్నాడు. రెండుసార్లు ముడి విప్పాడు, రెండుసార్లు కట్టాడు. తప్పు చేసినవాడి చేతులు ఇలాగే ఊరుకోవు అనుకున్నాను. బావ గురించి అలా అనుకున్నాను.

నాకు ఆ ముక్క కావాల్సింది నా పేరు నిలబెట్టుకోవడానికి కాదమ్మా. దాని మీద 412 ఉందా లేదా అని చూడ్డానికి. ఉంటే, ఉందని అందరి ముందూ చెప్పడానికి.

మావయ్య

*

ఏప్రిల్ 9

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలయింది. ఆరుసార్లు జవాబు రాసి చింపేశాను.

ఏం రాయమంటావు? పరవాలేదులే మావయ్యా అని రాయాలా? మా నాన్న మెట్టు మీద కూర్చునే ప్రాణం వదిలాడు. నీ వేళ్ళు కాలకూడదని!

పైగా నన్ను రైలెక్కించడానికి వచ్చినందుకే ఇదంతా అయిందని రాశావు. నేను అరటిపళ్ళు తిన్నానట, భయపడ్డానట. ఇప్పుడు నేను కూడా ఇందులో భాగం పంచుకోవాలా? నా చదువు మా నాన్న పనిని మింగిందని తెలిసి నేనెలా బతకాలి?

అమ్మ పెట్టెని పార్సిల్ చేసి నాకు పంపింది. "మీ మావయ్య చేతికి చిక్కకూడదు" అని చీటీ. అన్న మీద ఆమెకి ఎంత కసి ఉండాలి! అది నా మంచం కింద ఉంది. తెరవను. తెరిచి నిన్ను పట్టించడం నాకు చేతకాదు, తెరిచి నిన్ను వదిలేయడం అంతకన్నా చేతకాదు. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు. ఇక వదిలెయ్.

*

ఏప్రిల్ 14

మావయ్యా,

తెరిచాను.

రెంచీలు, ఆకురాయి, జనపనార ఉండ, వాటన్నిటి అడుగున ఒక గుడ్డసంచి. నువ్వు రాసిన ఆ సంచే అయ్యుంటుంది. అందులో మూరెడు పైపు ముక్క. రంపంతో కోసి, కోసిన అంచుని ఆకురాయితో నున్నగా రుద్దాడు. చెత్తలో పారేసేవాటికి ఎవరూ అంత పని చెయ్యరు. ఒక చివర నట్టు ఇంకా దానికే ఉంది. నట్టు విప్పి చూస్తే చుక్క ఉంది. చుక్క పక్కన 412.

పగులు నట్టు దగ్గర మొదలవలేదు. జానెడు దూరంలో మొదలై నిటారుగా పైపు పొడుగునా పోయింది. నట్టు బిగువుకి తెగితే చుట్టూ అడ్డంగా తెగాలి. మైక్రోస్కోపు కింద పెట్టాను. లోహపు గింజల మధ్య సందుల్లోంచి దారి చేసుకుంటూ వెళ్ళింది. నీ రెండో ముక్క పగులు పక్కన పెడితే ఏది ఏదో నేనే పోల్చుకోలేకపోయాను. ఆ హాస్టల్లో పైపు మూత్రశాలల వెనక గోడ వెంట వెళ్ళేదని అమ్మ ఒకప్పుడు చెప్పింది. అక్కడ అమ్మోనియాకి కొదవేముంది.

సంచిలో ఒక కాగితం కూడా ఉంది. నాన్న చేతిరాత. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"విచారణాధికారి గారికి. అయ్యా, పగులు నిలువుగా ఉన్నది. నట్టు వలన ఇట్లు పగలదు. ఈ విడతకు సెగ పెట్టినారో లేదో మిల్లు వారిని అడగవలెను. ముక్క తెచ్చినాను, చూడగలరు. ప్లంబరు, లైసెన్సు నంబరు 84."

నాన్నకి తెలుసు మావయ్యా. కాగితం రాసుకుని, ముక్క సంచిలో పెట్టుకుని వచ్చి, నీ ఎదురుగా కూర్చుని, తియ్యకుండా ఇంటికెళ్ళిపోయాడు. ఎందుకు? అమ్మని అడిగితే ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు.

రిపోర్టు టైపు చేశాను. సొరుగులో ఉంది. సంతకం పెట్టలేదు.

నీ గుండుసూది

*

ఏప్రిల్ 21

అమ్మలూ,

ముందు ఒక మాట. నిన్ను రైలెక్కించడం నా బతుకులో నేను చేసిన మంచి పని. చుక్క ముందే గుద్దడం నా బద్ధకం. రెండూ ఒక్క రోజున పడ్డాయి, అంతే. నీ మీద ఇసుమంత కూడా లేదు. నా ఉత్తరంలో అలా వినిపించి ఉంటే నా చెయ్యి విరిగిపోను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. చుక్కలు, రైలు, 412. ఆమె మిషను ఆపలేదు. పాఠశాల పిల్లల చొక్కా కుడుతోంది. కాలరు అయ్యేదాకా కుట్టి, దారం కొరికి, అప్పుడంది:

"నాకు తెలుసు అన్నయ్యా."

మిషను బల్ల మీద చెయ్యి వేసింది.

"పైపు పగిలిన రోజే ఆయన ముక్క తెచ్చి ఈ మిషను మీద పెట్టాడు. ఇది నా రెంచీ పని కాదు, మీ అన్నయ్య ఫర్నేసు పని, రేపు చెప్తాను అన్నాడు. నేనే వద్దన్నాను. అన్నయ్యకి ఆ ఫర్నేసు తప్ప ఇంకో పని చేతకాదు, వదినా లేదు, పిల్లల్లేరు, ఉద్యోగం పోతే ఏ నుయ్యో చూసుకుంటాడు అన్నాను. నీకేం, చేతిలో పనుంది, ఈ హాస్టల్ కాకపోతే ఇంకో హాస్టల్ అన్నాను. లైసెన్సే తీసేస్తారని నాకేం తెలుసు?"

అయినా ఆయన కాగితం రాసుకున్నాడట. ఏ సంగతీ అక్కడికి వెళ్ళాక చూస్తానన్నాడట. "నువ్వు తలదించుకుని కూర్చుంటావనుకున్నాం. లేచి నిలబడి చుక్క ఉందని చెప్తావని నేననుకోలేదు అన్నయ్యా. ఇంటికొచ్చి సంచి పెట్టె అడుక్కి తోసేశాడు. ఏమైందండీ అంటే, మీ అన్నయ్య బాగా మాట్లాడాడు అన్నాడు. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు."

పెట్టె నాకెందుకివ్వలేదో అప్పుడు అర్థమైంది. కసి కాదే పిచ్చిదానా. నాకు తెలిసిపోతుందని భయం. ఎనిమిదేళ్ళు ప్రతి ఆదివారం నాకు టీ ఇచ్చి, నా మొహంలోకి చూడకుండా మిషను తొక్కింది నన్ను కాపాడ్డానికట. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆమె లేచి నా తల మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యాలని నేనూ అనుకోలేదు. కాసేపటికి రెండో చొక్కా తీసుకుంది.

రిపోర్టు మీద సంతకం పెట్టు. నేను పోతానేమోనని మీ నాన్న నోరు కుట్టేసుకున్నాడు. చూశావుగా, పోలేదు. ఇన్నేళ్ళు నిక్షేపంలా బతికాను. ఇక దాచాల్సిన పని లేదు. పంపు.

మావయ్య

*

మే 2

మావయ్యా,

సంతకం పెట్టి పంపుతున్నాను, నాన్న కాగితం కూడా జత చేశాను. ఒక్క అంకె కూడా అటూ ఇటూ చెయ్యలేదు. చెయ్యాలని చెయ్యి పీకింది, అది కూడా చెప్తున్నాను. "కారణం: ఆఖరి లాగుడు తర్వాత సెగ పెట్టకపోవడం" అన్న వరస దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను.

అమ్మతో మాట్లాడాను. ఆమె ఏడవలేదు, నేను అరిచాను. నాన్నని నువ్వు కూడా కలిసే ముంచావు అన్నాను. అంతా విని, "అవునమ్మా" అంది. ఆ తర్వాత అరవడానికి నాకేమీ మిగల్లేదు.

నాన్న మీద కూడా కోపంగా ఉంది. ఎవరో ఒకరు నోరు తెరిచి ఉంటే బాగుండేది.

నీ మేనకోడలు

*

మే 16

గుండుసూదికి,

ప్లంబర్లకి లైసెన్సులిచ్చే ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి ఆ ఫైలే లేదన్నారు. రెండోసారి దొరికింది గానీ, పోయిన మనిషికి లైసెన్సు తిరిగివ్వడానికి రూలు లేదన్నారు. ఆయన లైసెన్సు ఏం చేసుకుంటాడు సార్, తప్పు ఆయనది కాదని ఒక వరస రాయండి చాలు అన్నాను. నా చెవులకి వినపడేలా చెప్పడానికి ఆ గుమాస్తా అరిచి అరిచి అలిసిపోయాడు, పాపం.

మూడోసారి ఆఫీసరు గారు నీ రిపోర్టు పూర్తిగా చదివారు. మీ నాన్న కాగితం రెండుసార్లు చదివారు. ఫైల్లో తన చేత్తోనే రాశారు: "ప్రమాదానికి కారణం పైపు లోపం. ప్లంబరు తప్పు లేదు." నాకు చూపించారు. నేను సరిపోలేదన్నాను. పైపు తనంతట తాను చెడిపోదు సార్, దాన్ని చెడగొట్టినవాణ్ణి నేను, నా పేరు రాయండి అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూసి, ఇప్పుడు దానివల్ల ఎవరికేం లాభం పెద్దాయనా అన్నారు. అయినా రాయించుకున్నాను. కింద సంతకం పెట్టాను. చుక్క గుద్దింది కూడా ఆ చెయ్యే.

మిగతా ముప్ఫై తొమ్మిది పైపులూ ఆ హాస్టల్లోనే వేశారట. ప్రమాదం తర్వాత లైనంతా పీకేసి ఇనుప గొట్టాలు వేశారు. అదొక్కటీ నా అదృష్టం.

వంటామె ఇంటికి కూడా వెళ్ళాను. కుడి చెయ్యి మోచేతి దాకా ముడుచుకుపోయి ఉంది. విషయం చెప్పి తిట్టమన్నాను. ఆమె తిట్టలేదు. "మీ బావగారు బతికున్నన్నాళ్ళూ నెలకోసారి వచ్చి నా కుళాయి చూసి వెళ్ళేవాడు. ఎందుకొస్తావయ్యా, నీ వల్లే నాకిలా అయింది అని ఒకసారి అనేశాను. ఏమీ అనకుండా వాషరు మార్చి వెళ్ళిపోయాడు" అని కళ్ళు తుడుచుకుంది. ఆ కుళాయి ఇప్పటికీ కారదు. నేను తిప్పి చూశాను.

మీ అమ్మకి ఫైల్లో రాసింది చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివాను. తర్వాత టీ పెట్టింది. మిషను దగ్గరికి పోకుండా నా ఎదురుగా కూర్చుని తాగింది.

షెడ్డు తాళం వ్యాపారికి అప్పగించాను. గోడ మీది సాక్షి ముక్కలన్నీ కరిగించడానికి తీసుకుపోయాడు. 412 మాత్రం నీ దగ్గరుంది. నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగే మొహం లేదు.

మావయ్య

*

మే 24

మావయ్యా,

జూన్ 17న బయల్దేరి వస్తున్నాను. వేరే రోజు టికెట్లు దొరికాయి, కావాలనే ఆ రోజు తీసుకున్నాను. నాన్న పెట్టె కూడా తెస్తున్నాను, మోయడం నా వల్ల కాదు. అమ్మ ఇంట్లో వంటింటి కుళాయి కారుతోందట. నాన్న పోయాక ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నువ్వూ నేనూ కలిసి బాగు చేద్దాం. వాషరు కొని పెట్టు.

నా కోపం పోలేదు. పోతుందో లేదో కూడా నాకు తెలియదు. నీతో అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, ఆ చదువు నువ్వే చెప్పావు.

ఆ రోజు రైలు కదిలాక కిటికీలోంచి చూశాను. నువ్వు ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తుకుంటూ వచ్చి, ఇంక నేల లేకపోతే ఆగిపోయావు. ఆ సమయానికి నీ ఫర్నేసు వెలగకుండా ఉంది. నాకది తెలిసి ఉంటే దిగిపోయి ఉండేదాన్నా? నెల రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. దిగి ఉండేదాన్ని కాదు. నువ్వూ దిగనిచ్చేవాడివి కాదు.

రైలు ఆలస్యమైనా వెళ్ళిపోకు. నువ్వు ఎక్కించావు, నువ్వే వచ్చి దించుకోవాలి.

నీ గుండుసూది